తీసిన సీటును ఎక్కడ పెట్టాలి? వెనుక సీటు లేని పికప్‌తో రెండున్నరేళ్లు

డబుల్ క్యాబిన్ పికప్ కొన్నది 2022 జనవరిలో. దాని వెనుక సీటు విప్పింది 2023 జూన్‌లో. ఇంజను, మైలేజీ, బరువు లాగే శక్తి గురించి ఇక్కడ రాయను. ఆ బండ్లు నడిపేవాళ్లకు అవి నాకంటే బాగా తెలుసు. నాకు చెప్పాలనిపించింది ఆ సీటు సంగతి ఒక్కటే. మొదటి ఏడాది కనిపించిన ప్రతివాడికీ "తీసేయండి, అరగంట పని" అని చెప్పుకుంటూ తిరిగాను. ఇప్పుడు ఆ మాటను కొంచెం సవరించుకోవాలి.

నర్సంపేట దగ్గర మాకు షేడ్‌నెట్ నర్సరీ ఉంది. ఎక్కువగా మిరప నారు పెంచుతాం. పెద్ద రైతులు సొంత బండి తెచ్చుకుని ఎకరాలకు సరిపడా నారు తీసుకెళ్తారు. చిక్కంతా పోగుంటల దగ్గర వస్తుంది. నాటిన పది పదిహేను రోజులకు చేలో చచ్చిన మొక్కల చోట మళ్లీ పెట్టడానికి ఒకరికి ఐదు ట్రేలు, ఇంకొకరికి ఎనిమిది కావాలి. అంత తక్కువ నారు కోసం వాళ్లు రారు, మనమే వెళ్లాలి. వెనుక ట్రాలీలో కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) బస్తాలు, డ్రిప్ పైపుల చుట్టలు పోగా మిగిలిన మూలలో ట్రేలు పెట్టి నెక్కొండ దాకా వెళ్తే సగం నారు తల వాల్చేసేది. గాలి దెబ్బకు ఆకులు నలిగేవి. పట్టా కప్పితే లోపల ఉడికిపోయేది, కప్పకపోతే ఎండిపోయేది. దిగగానే రైతు ట్రే వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసే ఆ చూపును సీజనంతా భరించాను.

సీటు తీసేశాక ఆ చూపు లేదు. సీటు కాళ్లు బిగించే రంధ్రాలకే బోల్టులతో ఒక ఇనుప ర్యాక్ పెట్టించాను. నాలుగు అరలు, అరకు ఐదు చొప్పున 98 గుంతల ట్రేలు ఇరవై పడతాయి. అంటే రెండు వేలకు నలభై తక్కువ మొక్కలు, నా వీపు వెనుకే, ఏసీ గాలిలో. కొత్తగూడ అడవి దారిలో గంటన్నర తిరిగినా నారు పొద్దున తీసినట్టే నిగనిగలాడుతూ దిగింది. మొదటిసారి దించినప్పుడు ఒక పెద్దాయన ఆకు మీద వేలు పెట్టి "చల్లగా ఉందేమిటి?" అన్నాడు. ఆ ఒక్క మాటకే ర్యాక్ ఖర్చు వచ్చేసిందనుకున్నాను. మా వరంగల్ చపాటా మిరపకు 2025లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చాక ఆ నారు రెండు మూడు ట్రేలు తెచ్చి చూపించమని అడిగేవాళ్లు మా దగ్గర పెరిగారు. వాళ్ల దగ్గరికీ ఇలాగే వెళ్తున్నాను.

వెల్డింగ్ ఎందుకు చేయించలేదని చాలామంది అడిగారు. బండి ఆర్‌సీలో ఎంతమంది కూర్చోవచ్చో రాసి ఉంటుంది. ఆ వివరాలు తారుమారయ్యేలా బండిని మార్చకూడదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 సవరణ తర్వాత అలాంటి మార్పు ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా ఉండవచ్చు. సీటు తీసి తిరగడం నిక్కచ్చిగా చూస్తే తప్పే, నేను దాన్ని సమర్థించుకోవడం లేదు. కనీసం ఎప్పుడంటే అప్పుడు యథాస్థితికి తెచ్చేలా ఉండాలని బోల్టుల దగ్గరే ఆగాను. పైగా రవాణా బండికి మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ పరీక్ష చేయించాలి. ఆ రోజు సీటు దాని చోట ఉండాల్సిందే.

2024 జనవరిలో అలాగే బిగించాను. ఏడు నెలలు అటక మీద ఉన్న సీటును దించి, దుమ్ము దులిపి, నాలుగు బోల్టులు వేశాను. నిజంగానే అరగంట. నా ప్రచారమంతా ఆ అరగంట మీదే నడిచింది. ఫిట్‌నెస్ అయ్యాక సీటును మళ్లీ తీసి, ఈసారి అటక ఎక్కించే ఓపిక లేక, పట్టాలో చుట్టి తాడు కట్టి, కోకోపీట్ బస్తాలు ఉండే షెడ్డులో గోడకు ఆనించాను. రెండేళ్లు దాని మొహం చూడలేదు.

ఈ జనవరి చివర మళ్లీ ఫిట్‌నెస్, దానికి తోడు మేడారం. 2024 జాతరకు బస్సులో వెళ్లి వచ్చాక అమ్మ మోకాళ్లు నెల రోజులు పట్టేశాయి. ఈసారి 28న మొదలయ్యే జాతర రద్దీకి ముందే, సంక్రాంతి దాటిన ఆదివారం మన బండిలో వెళ్దామని మాట ఇచ్చాను. బెల్లం తెచ్చి ఉంచాం. శనివారం సాయంత్రం షెడ్డులోకి వెళ్లి తాడు విప్పాను.

పట్టా తెరవగానే ముందు వాసన వచ్చింది. తర్వాత ఒక ఎలుక నా చేతి మీదుగా దూకి బస్తాల వెనక్కి పోయింది. సీటు పైకి బాగానే ఉంది, తిప్పి చూస్తే అడుగు భాగం మొత్తం గుల్ల. స్పాంజిని పొడి పొడిగా కొరికి, దానిలో దూది, గోనె పీచు, ఎక్కడిదో ఒక పాత రశీదు ముక్కలు కలిపి గూడు కట్టుకున్నాయి. గూట్లో గులాబీ రంగులో ఆరు పిల్లలు. అమ్మ వచ్చి చూసి, "నీ బండిలో నాకంటే ముందు వీళ్లు కూర్చున్నారన్నమాట" అంది.

బోల్టులు ఇంకో కథ. వాటిని ఖాళీ పచ్చడి సీసాలో వేసి మూత బిగించి వంటింటి అలమారలో పెట్టాను, అక్కడైతే పోవని. ఉసిరికాయల కాలంలో అమ్మకు సీసా కావాల్సి వచ్చింది. బోల్టులను మేకుల డబ్బాలో వేశానంది. డబ్బాలో రెండే దొరికాయి. హార్డ్‌వేర్ దుకాణంలో అదే సైజు చూసి రెండు తెచ్చాను. మెకానిక్ వాటిని తిప్పి చూసి పక్కన పెట్టేశాడు. మా సీటు బోల్టుల తల మీద 8.8 అని వాటి గట్టితనం చెప్పే అంకె ఉంది, నేను తెచ్చినవాటి మీద ఏమీ లేదు. మనుషులు కూర్చునే సీటుకు తలుపు బోల్టు వేయనన్నాడు. బెల్టు కొక్కేన్ని పట్టి ఉంచే పట్టీని కూడా ఎలుకలు ఒక చోట కొరికాయి. సీట్లు కుట్టే ఆయన దాన్ని కూడా కుట్టేస్తానన్నాడు. మెకానిక్ అన్న ఒప్పుకోలేదు, కొత్తది తెప్పించాలన్నాడు. ఆయన చెప్పిందే చేశాను.

వరంగల్‌లో స్పాంజి మార్పించి, కొత్త రెగ్జిన్ వేయించి, పట్టీ, బోల్టులు కొని, మొత్తం 7,200 రూపాయలు. ఆదివారం ప్రయాణం బుధవారానికి జరిగింది. ములుగు గట్టమ్మ దగ్గర ఆగినప్పుడు అమ్మ దిగి నడుం సర్దుకుంటూ కొత్త స్పాంజి రాయిలా ఉందని చెప్పింది. తిరుగు ప్రయాణంలో మళ్లీ చెప్పింది.

మిగతా ఇబ్బందులు చిన్నవే. సీటు లేని క్యాబిన్ ఖాళీ డబ్బాలా మోగుతుంది, ఏ రేకు ఎక్కడ కొట్టుకుంటుందో అంతా చెవిలోనే. గూడూరు దగ్గర గేదె అడ్డం వస్తే బ్రేకు వేశాను, పై అర ట్రేలు రెండు నా మెడ మీదికి వచ్చాయి. మరునాడే ముందు సీట్ల వెనుక ఇనుప జాలీ వేయించాను. అది లేకుండా ర్యాక్ పెట్టుకోకండి. మా బండిలో జాకీ ఆ సీటు కిందే ఉండేది. సీటుతో పాటు దాని చోటూ పోయింది, కొన్నాళ్లు అది ఇంట్లోనే ఉండిపోయింది. ఆ సంగతి ఎప్పుడు గుర్తొచ్చిందో టైరు పంక్చరైనవాళ్లకు చెప్పనక్కరలేదు.

ఇంతా జరిగినా మళ్లీ తీస్తాను. నాకు నారు అమ్మకం నాలుగు నెలల బతుకు, ఆ నాలుగు నెలలు వెనుక కూర్చునేవాళ్లు లేరు, ఊళ్లో తిరగడానికి స్కూటరు ఉంది. పిల్లలను బడికి దించాల్సినవాళ్లు, ఒకే బండి మీద ఇల్లంతా నడిచేవాళ్లు నా మాట పట్టుకోవద్దు. మామూలు సరుకు మోసేవాళ్లకైతే ట్రాలీ మీద గట్టి కప్పు వేయించుకోవడం మేలేమో. నారుకు అది పనికిరాలేదు కాబట్టే నేను ఇటు వచ్చాను.

ప్రస్తుతం సీటు బండిలోనే ఉంది. జూన్‌లో తీశాక షెడ్డులో పెట్టనని ఇంట్లో ఒప్పుకున్నాను. మా ఆవిడ వడ్రంగిని పిలిచి కొలతలు ఇచ్చింది, అరుగు మీద వేసుకోవడానికి దానికి చెక్క కాళ్లు చేయిస్తోంది. రాయిలా ఉన్నా సరే, సాయంత్రాలు అక్కడ కూర్చుంటానని అమ్మ ఇప్పటి నుంచే చెబుతోంది. మళ్లీ ఫిట్‌నెస్‌కు ఆమెను లేపి సీటు తీసుకెళ్లడం ఎలాగో 2028లో చూసుకోవాలి.