టోపీ బిళ్ళల్లో తొలి కొనుగోలు: అరుదైనదా, మామూలుదా?

మా పిన్ని కొడుకు కోవెంట్రీలో చదువుకుంటున్నాడు. పోయిన నెల ఫోన్ చేసి, "అన్నయ్యా, రెండొందల పౌండ్లు పక్కన పెట్టాను. పేరున్న అరుదైన బ్యాడ్జి ఒక్కటి కొననా, మామూలువి పది కొననా?" అని అడిగాడు. వాడికి బ్రిటిష్ సైనికుల టోపీ బ్యాడ్జిల మీద మనసు పడింది. ఫోన్లో చెప్పింది కొంచెమే. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

నేను వాటిని బిళ్ళలనే అంటాను. బిళ్ళ బంట్రోతు వేసుకున్న ఇత్తడి బిళ్ళ వాడు ఏ కచేరీ మనిషో చెప్పినట్టే, టోపీ మీది బిళ్ళ ఆ సిపాయి ఏ రెజిమెంటు వాడో చెప్పేది. 1881 సంస్కరణలతో అక్కడి కాల్బలం రెజిమెంట్లు చాలావరకు కౌంటీల పేర్లతో స్థిరపడ్డాయి. 1890ల చివరికల్లా మామూలు సిపాయి టోపీకి సొంత బిళ్ళ వచ్చింది. ఇత్తడి రంగు లోహం, జర్మన్ సిల్వర్ లాంటి తెల్ల లోహం, లేదా ఆ రెండూ కలిపి చేసేవారు.

ముందు అరుదైన వాటి సంగతి. కొత్తవాళ్ళ కళ్ళు మొదట పడేది రెండో ప్రపంచ యుద్ధపు ప్రత్యేక దళాల మీద. 1940లో ఈజిప్టులో పుట్టిన లాంగ్ రేంజ్ డెజర్ట్ గ్రూప్ బిళ్ళ మీద తేలు ఉంటుంది, చుట్టూ వలయం. ఎంత అందంగా ఉన్నా తొలి కొనుగోలుకు దాని జోలికి పోవద్దనే చెబుతాను. దళమే చిన్నది, బిళ్ళలు అక్కడికక్కడ చేయించుకున్నవి. అసలువే అన్నీ ఒక్కలా లేనప్పుడు నకిలీని దేనితో పోల్చి పట్టుకుంటాం? అమ్మేవాడు చెప్పే కథ తప్ప చేతిలో ఆధారం ఉండదు. కథ ఎంత బాగుంటే ధర అంత పెరుగుతుంది.

అరుదైన దాంట్లోనే ఇంకో రకం ఉంది, లివర్‌పూల్ పాల్స్ వెండి బిళ్ళ. పాల్స్ అంటే స్నేహితులు. 1914లో ఆ ప్రాంతపు ప్రభువు లార్డ్ డెర్బీ పిలుపు విని ఒకే ఆఫీసు గుమాస్తాలు, ఒకే వీధి కుర్రాళ్ళు జట్లుగా చేరారు. కింగ్స్ లివర్‌పూల్ రెజిమెంటులో 17 నుంచి 20 దాకా బెటాలియన్లు వాళ్ళవే. ముందుగా చేరినవాళ్ళకు డెర్బీ తన వంశ చిహ్నంతో, గద్దా పసిబిడ్డా ఉన్న బొమ్మతో, వెండి బిళ్ళలు చేయించి ఇచ్చాడు. దీనికి తేలు బిళ్ళకు లేని ఆసరా ఒకటుంది, వెండి నాణ్యతను చెప్పే ముద్ర (హాల్‌మార్క్). బర్మింగ్‌హామ్ లంగరు, నడిచే సింహం, 1914 నాటి అక్షరం 'పి' భూతద్దంలో కనబడాలి. నికార్సైన ముద్ర ఉలితో కొట్టినట్టు అంచులు తెగి ఉంటుంది. అసలు బిళ్ళను అచ్చు తీసి పోత పోస్తే ముద్ర కూడా పోతలోనే వస్తుంది కాబట్టి, అక్షరాల అంచులు కరిగిన సబ్బులా కనబడతాయి. కనక అరుదైనదే కొనాలని పట్టుబడితే ఈ రెండింటిలో వెండి గద్దే మేలు. అయినా అది రెండో ఏడాది పని.

ఎందుకంటే పోత పోసినదాన్నీ అచ్చుతో కొట్టినదాన్నీ వేరుగా గుర్తుపట్టడం కంటికంటే ముందు వేలికి తెలియాలి. అసలు బిళ్ళలు ఉక్కు అచ్చుల మధ్య పలుచని రేకును పెట్టి కొట్టినవి. ముందు ఎత్తుగా ఉన్నచోట వెనక గుంట ఉంటుంది, బొమ్మలోని సన్నని గీతలు కూడా తెలుస్తాయి. పోత బిళ్ళ వెనక చదునుగానో గరుకుగానో ఉంటుంది, సూదిమొనంత గుంటలు కనబడతాయి, చేతిలో బరువు. లోహం చల్లారితే కుంచించుకుపోతుంది కాబట్టి కొలిస్తే అసలుదాని కన్నా వెంట్రుకవాసి చిన్నది. ఖాళీ వదిలిన చోట్ల అంచులు చూడండి. అచ్చుతో కత్తిరించినదైతే నునుపు, ఆకురాయితో రాసినదైతే గీతలు. ఇదంతా చదివితే రాదు. నిస్సందేహంగా అసలువైన బిళ్ళల్ని ఓ ముప్పై నలభై సార్లు తిప్పి చూసినవాడికే వస్తుంది. అలా తిప్పి చూడడానికి మామూలు బిళ్ళలే కావాలి.

మామూలు వాటిలో నేను వాడికి చెప్పింది రాయల్ వారిక్‌షైర్ రెజిమెంటు. కోవెంట్రీలో ఉన్నవాడికి అది ఒకప్పటి స్థానిక రెజిమెంటే, దాని బిళ్ళ సంతల్లో దొరుకుతుంది. మెడకు పట్టీ, గొలుసు ఉన్న తెల్ల లోహపు జింక, కింద ఇత్తడి పట్టీ మీద రెజిమెంటు పేరు. దీన్ని, 1916 నాటి పూర్తి ఇత్తడి బిళ్ళను పక్కపక్కన పెట్టుకోవాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో, తెల్ల లోహంలో కలిపే నికెల్‌కు కటకట వచ్చి, రెండు లోహాల బిళ్ళల్ని ఆ రోజుల్లో ఒక్క ఇత్తడితోనే కొట్టారు. జింకను విడిగా చేసి టంకం పెట్టే పనీ తప్పింది. రెంటినీ తిరగేస్తే అతుకు ఎక్కడ ఉండాలో, ఎక్కడ ఉండకూడదో ఒక్క చూపులో తెలుస్తుంది. నకిలీల్లో కొన్నిటికి తెల్ల లోహమే ఉండదు, ఇత్తడి మీద తెల్ల పూత పూస్తారు. అరిగిన అంచుల దగ్గర పసుపు బయటపడుతుంది.

ఈ 1916 రకంతో ఒక చిక్కుంది. పాత అచ్చులు చేజిక్కినవాడికి ఇత్తడి రేకు మీద కొత్తగా కొట్టడం తేలిక. మొదటినుంచీ ఇత్తడివే అయిన బిళ్ళల్ని కూడా "1916 కరువు బిళ్ళ" అని ధర పెంచి అమ్ముతుంటారు. వెనక తయారీదారు పేరుంది కదా అని నమ్మడానికీ లేదు. పేరున్న కంపెనీల అచ్చులతోనే తర్వాతి కాలంలో మళ్ళీ కొట్టినవి సంతల్లో చాలా ఉన్నాయి. నేను మొదట్లో ఒక వ్యాపారి దగ్గర అలాంటివి మూడు కొన్నాను. మూడింటి వెనకా స్లైడరు, అంటే టోపీలోకి దూర్చే నిలువు పట్టీ, ఒకే పొడవు, ఒకే తళతళ. వేర్వేరు రెజిమెంట్ల బిళ్ళలకు ఒకే స్లైడరు ఎలా వస్తుందని అప్పుడు తట్టలేదు. ఆ బాధతోనే అందరికీ వెనకవైపు ముందు చూడమని చెబుతున్నాను. స్లైడరు కాక రెండు కొక్కేలుంటే అది తప్పు కాదు. పాతవాటికీ, స్కాట్ రెజిమెంట్లకూ అవే సహజం.

బిళ్ళ మీద కిరీటం ఉంటే దాన్ని కూడా చూడాలి. 1901 నుంచి 1952 దాకా గుండ్రంగా పైకి లేచిన రాజు కిరీటం, ఎలిజబెత్ కాలంలో నడుమ నొక్కుకున్న కిరీటం. 1922లో రద్దయిన రెజిమెంటుకు ఎలిజబెత్ కాలపు కిరీటం కనబడితే ఇంకేం చూడక్కర్లేదు. ఛార్లెస్ మళ్ళీ గుండ్రటి కిరీటాన్నే ఎంచుకున్నాడు కాబట్టి, ఇకమీదట కిరీటం ఒక్కటీ చూసి కాలం చెప్పడం కుదరదు.

ఇక రెండో యుద్ధపు ప్లాస్టిక్ బిళ్ళలు. లోహం ఆదా కోసం చేసినవి, గోధుమ రంగువి, వెండి బూడిద రంగువి. వెనక మడిచే రేకులుంటాయి, వాల్సాల్‌లోని ఎ. స్టాన్లీ అండ్ సన్స్ పేరు కొన్నిటి మీద చదవొచ్చు. చూపుకు ఆనవు, ఎండకు వంగుతాయి. ఒకటి కొనుక్కుంటే చాలు.

ఏది కొన్నా, ఇంట్లో చింతపండు పెట్టి తోమకూడదు. మన ఇళ్ళలో ఇత్తడి అంటే చెయ్యి ఊరుకోదు. వందేళ్ళకు పట్టిన రంగు ఒక్క తోముడుతో పోతే, తెలిసినవాడు దాన్ని మళ్ళీ అసలుదని నమ్మడానికి వెనకాడతాడు.

నా లెక్క ప్రకారం వాడు వారిక్‌షైర్ జత, ఒక ప్లాస్టిక్ బిళ్ళ కొని, మిగిలింది దాచుకోవాలి. దాచింది దేనికంటే నా దగ్గరొక పేరుంది, రాయల్ మన్‌స్టర్ ఫ్యూజిలియర్స్. మండే గ్రెనేడ్, దాని మీద తెల్ల లోహపు పులి. 1881లో ఐర్లండుకు చెందిన రెజిమెంటుగా మారారు గానీ, మొదట్లో వీళ్ళు ఈస్టిండియా కంపెనీ బెంగాల్ యూరోపియన్ దళం. 1758లో పిఠాపురం దగ్గర చందుర్తిలో, కల్నల్ ఫోర్డ్ కింద, విజయనగరం ఆనంద గజపతి రాజు సైన్యం తోడుగా ఫ్రెంచివాళ్ళతో పోరాడింది ఆ దళమే. మరుసటేడు మచిలీపట్నం కోట పట్టిందీ వాళ్ళే. ఆ రెజిమెంటు యుద్ధ గౌరవాల్లో, అంటే అది గర్వంగా చెప్పుకునే పోరాటాల జాబితాలో, కాండోర్, మసూలిపటం పేర్లున్నాయి. కాండోర్ అంటే మన చందుర్తే. 1922లో రద్దయింది, అందుకే గిరాకీ ఎక్కువ, మళ్ళీ కొట్టినవీ ఎక్కువ.

నాకు రెండు మన్‌స్టర్ పులులు ఎదురయ్యాయి. ఒకటి తళతళలాడేది, స్లైడరు నిటారుగా, ఎక్కడా గీత లేదు. రెండోదానికి స్లైడరు సగానికి విరిగింది, పులి ముఖం తోమి తోమి అరిగింది, అతుకు దగ్గర పాత టంకం నల్లగా ఉంది. ధర దాదాపు ఒకటే. విరిగినదే తీసుకున్నాను. వాడు సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు ముందు దాని వెనకవైపు చూపిస్తాను.