లక్ష దాటిన టర్బో: పోలో జీటీనా, ఆక్టేవియా వీఆర్ఎస్సా?

అనంతపురంలో ఉంటూ లక్ష కిలోమీటర్లు దాటిన పాత టర్బో కారు (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపే టర్బో ఉన్నది) కొనాలంటే నా ఓటు స్కోడా ఆక్టేవియా వీఆర్ఎస్‌కే. 2017లో మన దేశానికి వచ్చిన ఆ కారులోని 2.0 లీటర్ ఇంజన్ 230 హార్స్‌పవర్ ఇస్తుంది. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ క్లచ్‌లు ఆయిల్లో మునిగి ఉంటాయి కాబట్టి మన మే నెల ఎండను, ట్రాఫిక్ వేడిని బాగా తట్టుకుంటాయి. కాకపోతే 60,000 కిలోమీటర్లకోసారి ఆ ఆయిల్ మార్చాల్సిందే. మార్పించిన రసీదు పాత ఓనర్ చూపించకపోతే బేరమే వద్దు.

ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐది 1.2 లీటర్, 105 హార్స్‌పవర్. టైర్లు, బ్రేకులు చవక, సందుల్లో హాయి. కానీ టవర్ క్లాక్ దగ్గర ఆగుతూ పాకుతుంటే దాని డ్రై క్లచ్‌లు (ఆయిల్లో మునగనివి) త్వరగా వేడెక్కుతాయి. నాకు ఆ టెన్షన్ వద్దు.

ఏది కొన్నా, బెంగళూరు నుంచి హైవే మీద వేగంగా వచ్చాక ఇంజన్ వెంటనే ఆపకండి. ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచితే టర్బో కాస్త చల్లబడుతుంది.