కోఠి గోకుల్ చాట్: 18 ఏళ్ల తర్వాత ఒక ప్లేటు

రుచి సంగతి ముందే చెప్పేస్తాను. కట్లెట్ రగడా వేడివేడిగా ఉంది, పైన చల్లిన సేవ్ మెత్తబడలేదు. పానీపూరి నీళ్లలో పుదీనా ఘాటు బాగా తెలిసింది. తీపి చట్నీ మాత్రం నాకు కాస్త ఎక్కువైంది. నిలబడి తినడానికి సిద్ధపడి వెళ్లండి. చీకటి పడ్డాక జనం పెరుగుతారు, మోచేతులు తగులుతూనే ఉంటాయి.

నాకు భయమంతా ఆ జనమే.

2007 ఆగస్టు 25, శనివారం. నాకు తొమ్మిదేళ్లు, కాచిగూడలో ఉండేవాళ్లం. లుంబినీ పార్కులో లేజర్ షోకి తీసుకెళ్లమని పొద్దుటి నుంచీ నాన్నను సతాయించాను. అంత దూరం వద్దు, సుల్తాన్ బజార్‌లో పని చూసుకుని గోకుల్‌లో చాట్ తిందాం అన్నారు. చెప్పుల దుకాణంలో ఆలస్యమైంది. మడమ దగ్గర ఒరుసుకుంటోందని మూడు జతలు మార్పించాను. మెట్లు దిగుతుంటే ఆ చప్పుడు. ట్రాన్స్‌ఫార్మర్ అన్నారు ఎవరో, సిలిండర్ అన్నారు ఇంకెవరో. అంతలోనే జనం మా మీదికి పరిగెత్తుకొచ్చారు. నాన్న అంత పెద్ద పిల్లను భుజానికెత్తుకుని సందుల్లోంచి ఇంటిదాకా నడిచారు. చెమటకు తడిసిన ఆయన చొక్కా నా చెంపకు అంటుకుపోయింది. ఫోన్లు కలవక అమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. టీవీ పెడితే గోకుల్‌లోనే కాదు, లేజర్ షోలోనూ బాంబు పేలిందని తెలిసింది. రెండు చోట్లా కలిపి 40 మందికి పైగా పోయారు. నేను అడిగిన చోటు ఒకటి, నాన్న ఒప్పుకున్న చోటు ఒకటి.

2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో సైకిళ్లకు పెట్టిన బాంబులు పేలాయి. అప్పటి నుంచి మనిషి లేకుండా నిలబెట్టిన సైకిల్ పక్క నుంచి నడవను. బస్సెక్కితే ముందు సీటు కింద చూస్తాను. హోటల్లో తలుపు కనిపించే కుర్చీయే కావాలి. 2007 పేలుళ్ల కేసులో 2018లో కోర్టు ఇద్దరికి ఉరి, ఒకరికి యావజ్జీవం వేసింది. నా అలవాట్లేవీ మారలేదు.

గత నెల మా ఆయన బలవంతం మీద గోకుల్‌కి వెళ్లాను. ఆయనది రాజమండ్రి, ఇవేవీ చూడలేదు. డబ్బులు కట్టే దగ్గర నాకు సాయం చేయడానికి వస్తూ, నా హ్యాండ్‌బ్యాగ్ గోడ పక్కన పెట్టేసి వచ్చారు.

“ఈ బ్యాగ్ ఎవరిది?”

పెద్దాయన ఒకరు ప్లేటు పట్టుకుని గట్టిగా అడిగారు. చుట్టుపక్కల వాళ్ల చేతుల్లో చెంచాలు ఆగిపోయాయి. ఒకామె పిల్లాణ్ణి దగ్గరికి లాక్కుంది. ఇన్నాళ్లూ ఈ భయం నా ఒక్కదానిదే అనుకున్నాను.

“నాదే అంకుల్, సారీ” అన్నాను.

“చేతిలోనే ఉంచుకో తల్లీ” అని అందించి, ఆయన మళ్లీ తినడం మొదలుపెట్టారు. నేనూ గోడకు ఆనుకుని, రోడ్డు కనిపించేలా నిలబడి, ప్లేటు ఖాళీ చేశాను. కుల్ఫీ కూడా తిన్నాను. అది తప్పకుండా తినండి.

పిల్లలతో వెళ్తే జనం తక్కువుండే మధ్యాహ్నం పూట మంచిది. సమోసాలు ఇంటికి తీసుకెళ్లినా బాగానే ఉన్నాయి. నాన్నకు రెండు పట్టుకెళ్లాను. ఆయన ఇప్పటికీ ఆ దారిన వెళ్లరు. ఒకటి తిని, చేతులు తుడుచుకుంటూ, “ఎంతసేపు ఉన్నావమ్మా అక్కడ?” అని అడిగారు.