పూల ఫొటోకు ఏది మేలు: నల్ల గుడ్డా, తెల్ల కాగితమా, బూడిదరంగు అట్టా? కిటికీ వెలుతురా, దీపమా?

పువ్వును ఫొటో తీయాలనుకునేవారు ముందు కెమెరా గురించీ, ఆ తరువాత లెన్సు గురించీ ఆలోచిస్తారు. పువ్వు వెనుక ఏముంది, దాని మీద వెలుతురు ఎటువైపు నుంచి పడుతోంది అన్న రెండు ప్రశ్నలు చివరికి మిగిలిపోతాయి. ఫొటో బాగోగులను ఎక్కువగా తేల్చేవి ఆ రెండే. జర్మనీకి చెందిన కార్ల్ బ్లాస్‌ఫెల్ట్ (1865–1932) తాను స్వయంగా తయారుచేసుకున్న కెమెరాతో, వెనుక సాదా అట్టలు నిలిపి, పగటి వెలుతురులోనే మొక్కల మొగ్గలనూ కాడలనూ ముప్పై రెట్ల వరకు పెద్దవి చేసి చూపించారు. ఆయన నిలిపిన అట్టలూ, వాడిన వెలుతురూ నేడు మనకూ దొరికేవే.

ఎక్కువమంది మొదట ఎంచుకునేది నల్లని నేపథ్యం. ఇందులో వెల్వెట్ గుడ్డకూ నల్ల చార్ట్ కాగితానికీ చాలా తేడా ఉంది. వెల్వెట్ నూగు తన మీద పడిన వెలుతురును లోపలే బంధిస్తుంది కనుక నిజంగా నల్లగా కనిపిస్తుంది. కాగితం నున్నగా ఉండడం వల్ల పక్క నుంచి పడిన వెలుతురుకు మెరిసి బూడిదరంగులోకి తిరుగుతుంది. తెలుపు, పసుపు, లేత గులాబీ పూలకు వెల్వెట్ అమరినట్టుగా మరొకటి అమరదు. అదే ముదురు ఊదా పువ్వునో, నల్లదనం కలిసిన ఎర్ర పువ్వునో దాని ముందు ఉంచితే రేకల అంచులు చీకటిలో కలిసిపోయి పువ్వు సగమే మిగులుతుంది. పైగా నలుపు ఎక్కువగా ఉన్న దృశ్యాన్ని చూసి కెమెరా, వెలుతురు చాలడం లేదనుకుని ఎక్స్‌పోజర్ (తాను పట్టే వెలుతురు మోతాదు) పెంచేస్తుంది, దాంతో లేతరంగు రేకల మీది ఈనెలు చెరిగిపోతాయి. ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాప్ వరకు తగ్గించి తీయాలి (ఒక స్టాప్ తగ్గిస్తే వెలుతురు సగమవుతుంది, పెంచితే రెట్టింపవుతుంది). ఫోనులో అయితే తెర మీద పువ్వును తాకి, పక్కన కనిపించే సూర్యుడి గుర్తును కిందికి జరిపితే సరిపోతుంది. గుడ్డకు అంటిన ప్రతి నూలుపోగూ ఫొటోలో కనబడుతుందని కూడా గుర్తుంచుకోవాలి.

తెల్ల కాగితం ముందు పరిస్థితి తలకిందులవుతుంది. ముదురురంగు పూలు, సన్నని కాడలు, వంపులు తిరిగిన ఆకులు గీత గీసినంత స్పష్టంగా తేలుతాయి. ఈసారి కెమెరా వెలుతురు మరీ ఎక్కువగా ఉందనుకుని తెలుపును మసకబారుస్తుంది కనుక ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాప్ వరకు పెంచాలి. కాగితాన్ని గోడకు ఆనించి, బల్ల మీదికి వంపుగా జార్చితే గోడా బల్లా కలిసే గీత కనిపించదు. అయితే పువ్వును కాగితానికి మరీ దగ్గరగా పెడితే దాని మీద నుంచి తిరిగివచ్చే వెలుతురు రేకల అంచులను వెలవెలబోయేలా చేస్తుంది. ఒక మూర దూరం ఉంచడం మంచిది.

ఈ రెండింటికన్నా నాకు నచ్చేది ఎవరూ పెద్దగా పట్టించుకోని బూడిదరంగు అట్ట. ఎందుకంటే వెలుతురును బట్టి అదే నలుపూ అవుతుంది, తెలుపూ అవుతుంది. చిన్న దీపం నుంచి వచ్చే వెలుతురు దూరం రెట్టింపయితే నాలుగో వంతుకు, మూడింతలయితే తొమ్మిదో వంతుకు పడిపోతుంది. దీపానికి 50 సెంటీమీటర్ల దూరంలో పువ్వు, 150 సెంటీమీటర్ల దూరంలో అట్ట ఉంటే, పువ్వుకు సరిపోయిన ఎక్స్‌పోజర్‌లో అట్ట దాదాపు నల్లగా వస్తుంది. మరో దీపాన్ని అట్ట మీదికే తిప్పి, పువ్వు మీద పడే వెలుతురుకు ఐదారింతలు దాని మీద పడేలా చేస్తే అది తెల్లబడుతుంది. ఈ సంగతి గ్రహించాక రంగురంగుల అట్టలు పోగేయాలన్న ఆరాటం సగం తగ్గుతుంది.

తోటలో ఉన్న పువ్వును తోటలోనే తీసేవారికి పచ్చని ఆకులే నేపథ్యం. ఆకులు పువ్వుకు ఎంత దూరంగా, కెమెరా పువ్వుకు ఎంత దగ్గరగా ఉంటే పచ్చదనం అంత మెత్తగా కరిగిపోతుంది. ఫోనులోని పోర్ట్రెయిట్ మోడ్ ఈ మసకను లెక్కగట్టి పూస్తుంది కాబట్టి కేసరాల వంటి సన్నని భాగాలను అక్కడక్కడ తినేస్తుంది. పూలకు దాన్ని వాడకపోవడమే నయం. పువ్వు ఎండలో, దాని వెనుక ప్రదేశం నీడలో ఉండే కోణం దొరికితే ఏ గుడ్డా లేకుండానే నల్లని నేపథ్యం వస్తుంది.

ఇక వెలుతురు విషయానికి వస్తే, కెమెరాకున్న ఫ్లాష్‌ను ముందే పక్కన పెట్టవచ్చు. అది ఎదురుగా పడి రేకల మడతల్లోని నీడలను తుడిచేస్తుంది, నీడ లేని పువ్వు కాగితం మీద అంటించిన బొమ్మలా ఉంటుంది. నడిమధ్యాహ్నపు ఎండ కూడా అంతే మొరటుది. తప్పనిసరయితే పువ్వుకూ ఎండకూ మధ్య పలుచని తెల్లగుడ్డ అడ్డుపెట్టాలి.

మిగిలిన పోటీ కిటికీకీ దీపానికీ మధ్యనే. నేరుగా ఎండ పడని కిటికీ నుంచి వచ్చే వెలుతురు వెడల్పుగా, మెత్తగా ఉంటుంది. పువ్వును కిటికీకి పక్కవాటుగా ఉంచి, అవతలివైపు ఒక తెల్ల థర్మోకోల్ ముక్క నిలిపితే నీడలు కావలసినంత మేరకే తేలికపడతాయి. పలుచని రేకలున్న పువ్వునైతే కిటికీకీ కెమెరాకూ మధ్య పెట్టి చూడాలి. వెనుక నుంచి వచ్చిన వెలుతురు రేకల గుండా ప్రసరించి, ముందు నుంచి ఎన్నడూ కనిపించని ఈనెలను బయటపెడుతుంది. లోటల్లా ఈ వెలుతురు తక్కువగా ఉండడం, మబ్బు కదిలినప్పుడల్లా మారిపోవడం. కాబట్టి కెమెరా కదలకుండా ట్రైపాడ్, రెండు సెకన్ల టైమర్ తప్పనిసరి.

దీపం రాత్రివేళ కూడా మన మాట వింటుంది, ఎక్కడ పెడితే అక్కడ నిలుస్తుంది. కానీ చిన్నది కావడం వల్ల నీడల అంచులు కత్తిరించినట్టుంటాయి. ఎల్‌ఈడీ దీపానికీ పువ్వుకూ మధ్య పెద్ద ట్రేసింగ్ కాగితాన్ని పువ్వుకు వీలైనంత దగ్గరగా పట్టుకుంటే ఆ కాగితమే చిన్న కిటికీగా మారుతుంది. వేడెక్కే పాత బల్బులయితే కాగితానికీ ప్రమాదం, రేకలకూ ప్రమాదం. దీపం కొనేటప్పుడు పెట్టె మీద సీఆర్ఐ (రంగులను ఎంత నిజంగా చూపుతుందో తెలిపే అంకె) 90 గానీ అంతకు మించి గానీ ఉందేమో చూడాలి. అది తక్కువైతే ఎరుపులు పాలిపోతాయి. కిటికీనీ దీపాన్నీ ఒకేసారి వాడడం మాత్రం కూడదు. వెలుతురు రంగును కెల్విన్లలో కొలుస్తారు: పగటి వెలుతురు సుమారు 5500 కెల్విన్లు, పసుపుఛాయ గల ఇంటి దీపం సుమారు 3000 కెల్విన్లు. రెండూ కలిస్తే తెల్ల రేక ఒకవైపు నీలంగా, మరోవైపు పసుపుగా వస్తుంది, తరువాత ఎంత సవరించినా రెండూ ఒకేసారి కుదుటపడవు.

పగలు తీరిక ఉన్నవారికి కిటికీ, బూడిదరంగు అట్ట చాలునని నా అభిప్రాయం. చీకటిపడ్డాక తీసేవారికి ఒక ఎల్‌ఈడీ దీపం, ట్రేసింగ్ కాగితం, వెల్వెట్ గుడ్డ మేలు. ఎర్రపూలను తీసేవారు మాత్రం, వెనుక ఏది ఉన్నా, ఏ వెలుతురులో ఉన్నా, ఎక్స్‌పోజర్‌ను కాస్త తగ్గించి మరో ఫొటో తీసి ఉంచుకోవాలి. తెర మీద అంతా సవ్యంగా ఉన్నట్టు కనిపించినప్పుడు కూడా కెమెరాలో ఎరుపు ఒక్కటే హద్దు దాటి, రేకలన్నీ ఒకే ముద్దగా మారిపోయి ఉండవచ్చు.