కౌంటీ జెర్సీయా, ఆస్ట్రేలియా కాంట్రాక్టా: పద్దెనిమిదేళ్ల కుర్రాడికి ఏది మేలు?

ఐర్లాండ్‌లో అక్కడి సొంత ఆటైన గేలిక్ ఫుట్‌బాల్ బాగా ఆడే కుర్రాడికి పద్దెనిమిదేళ్లు నిండేసరికి రెండు దారులు ఎదురవుతాయి. సొంత కౌంటీ (మన జిల్లా లాంటిది) సీనియర్ జట్టులో చోటు కోసం కష్టపడటం ఒకటి. ఏఎఫ్ఎల్ అనే ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ లీగ్‌లో ఏదో ఒక క్లబ్బుతో కాంట్రాక్టు రాసుకోవడం రెండోది. మొదటిదాంట్లో బోలెడంత పేరొస్తుంది, జీతం మాత్రం ఒక్క పైసా ఉండదు. రెండోదాంట్లో జీతం ఉంటుంది కానీ ఆటే వేరు.

జీతం లేకపోవడమేంటని మనకు వింతగా ఉంటుంది. ఎనభై రెండు వేల మంది పట్టే క్రోక్ పార్క్‌లో ఫైనల్ ఆడినవాడు కూడా మళ్లీ ఉద్యోగానికి వెళ్లాల్సిందే. ఆటను నడిపే సంఘం జీఏఏ (గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్) 1884లో పుట్టింది, నేటికీ ఆటగాళ్లకు జీతాలివ్వదు. దారి ఖర్చులు, ప్రభుత్వం ఇచ్చే కొద్దిపాటి గ్రాంటు, అంతే. కౌంటీ జట్లలో టీచర్లు ఎక్కువగా కనిపించేది అందుకే: సాయంత్రాలూ, వేసవి సెలవులూ వాళ్ల చేతిలో ఉంటాయి. డబ్లిన్‌లో చదువుకుంటూ కెర్రీ కౌంటీకి ఆడేవాడైతే ఒక్క ప్రాక్టీసు కోసం సుమారు 300 కిలోమీటర్లు వెళ్లాలి, మళ్లీ అంత దూరం వెనక్కి రావాలి. దానికి తోడు కాలేజీ జట్టు, అండర్-20 జట్టు, ఊరి క్లబ్బు, అందరికీ వాడే కావాలి.

అయినా ఉండిపోయినవాళ్లలో డేవిడ్ క్లిఫర్డ్ ఉన్నాడు. 2017 మైనర్ (అండర్-18) ఫైనల్లో డెర్రీ మీద ఒక్కడే 4 గోల్స్, 4 పాయింట్లు కొట్టాడు. గోల్ అంటే 3 పాయింట్లు కాబట్టి మొత్తం 16. ఆస్ట్రేలియా క్లబ్బుల కన్ను పడింది, అతను మాత్రం కదల్లేదు. మరుసటి ఏడాదే కెర్రీ సీనియర్ జట్టులోకి వచ్చి, ఆ ఏడాది మేటి యువ ఆటగాడయ్యాడు. సీనియర్ల ఆల్ ఐర్లాండ్ టైటిల్‌కిచ్చే శామ్ మగ్వైర్ కప్పు చేతికి రావడానికి మాత్రం 2022 దాకా ఆగాల్సి వచ్చింది. 2025లో మళ్లీ గెలిచాడు.

వెళ్లేవాడికి అక్కడ ఎదురయ్యేది గుండ్రటి బంతి కాదు, కోడిగుడ్డు ఆకారపు బంతి. పదిహేను మందికి బదులు పద్దెనిమిది మంది. రూల్సు చదివితే వచ్చేస్తాయి, ఒంటికి పట్టడమే కష్టం. డబ్లిన్ మైనర్ జట్టుతో 1984లో కప్పు గెలిచి మెల్‌బోర్న్ క్లబ్బుకు వెళ్లిన జిమ్ స్టైన్స్ సంగతే చూడండి. 1987లో గెలిస్తే గ్రాండ్ ఫైనల్‌కి వెళ్లే మ్యాచ్, చివరి క్షణాలు. కిక్ తీసుకోబోతున్న హాథార్న్ ఆటగాడు గ్యారీ బకెనారాకు గోల్ అందే దూరంలో లేదు. స్టైన్స్ అతని ముందు నుంచి అడ్డంగా పరిగెత్తాడు. పెనాల్టీగా బంతి 15 మీటర్లు ముందుకు జరిగింది, సైరన్ మోగాక బకెనారా గోల్ కొట్టాడు, మెల్‌బోర్న్ 2 పాయింట్ల తేడాతో ఇంటికి పోయింది. నాలుగేళ్లకు, 1991లో, అదే స్టైన్స్ లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్లో మెడల్ అందుకున్నాడు. అంత టెన్షన్ తట్టుకుని అక్కడే నిలబడటం అందరి వల్లా కాదు.

వెళ్లి, తిరిగొస్తే సరిపోతుంది కదా అంటారు. కొందరికి సరిపోయింది కూడా. కెర్రీ కుర్రాడు టైగ్ కెనెల్లీ 2005లో సిడ్నీ స్వాన్స్‌తో లీగ్ గెలిచి, 2009లో ఇంటికొచ్చి ఆల్ ఐర్లాండ్ టైటిల్ కూడా గెలిచాడు. అతని నాన్న టిమ్ 1979లో కెర్రీకి కెప్టెన్, కొడుకు సిడ్నీలో గెలిచిన ఏడాది చివర్లోనే పోయాడు. ఇక టైరోన్‌కి చెందిన కానర్ మెకెన్నా 2020లో తిరిగొచ్చి, 2021 సెమీఫైనల్లో కెర్రీ మీద రెండు గోల్స్ కొట్టి, కప్పు కూడా గెలిచి, మళ్లీ ఆస్ట్రేలియా వెళ్లి 2024లో బ్రిస్బేన్‌తో అక్కడి టైటిల్ గెలిచాడు. ఇవి చూసి మురిసిపోయేవాళ్లు టామీ వాల్ష్‌ని మరిచిపోతారు. 2008లో మేటి యువ ఆటగాడు, 2009లో కెర్రీ విజయంలో భాగం. సరిగ్గా అప్పుడు వెళ్లాడు. సిడ్నీలో హామ్‌స్ట్రింగ్ (తొడ వెనక కండరం) దారుణంగా దెబ్బతింది. అతను అక్కడుండగానే 2014లో కెర్రీ కప్పు గెలిచింది. వచ్చాక ఏళ్ల తరబడి ఆడినా మరో కప్పు దక్కలేదు.

నా దృష్టిలో దీన్ని తేల్చేది డబ్బు కాదు, పుట్టిన కౌంటీ. ఇక్కడ ఐపీఎల్ వేలంలా డబ్బుకి జట్టు మారే వీల్లేదు, మామూలుగా సొంత కౌంటీకే ఆడాలి. కెర్రీ దగ్గర 39 ఆల్ ఐర్లాండ్ టైటిళ్లున్నాయి. లీష్ కౌంటీ దగ్గర ఒక్కటీ లేదు. ఆ లీష్ నుంచే వెళ్లిన జాక్ టూహీ ఏఎఫ్ఎల్‌లో 288 మ్యాచులు ఆడి, 2022లో జీలాంగ్‌తో లీగ్ గెలిచాడు. ఇంట్లో ఉండి ఉంటే అంత పెద్ద కప్పు ముట్టుకునేవాడని నేననుకోను.

ఆడే స్థానం కూడా చూసుకోవాలి. కెనెల్లీ, టూహీ, మెకెన్నా అక్కడ ఎక్కువగా వెనక నుంచి బంతి అందుకుని పరిగెత్తే పని చేశారు. కాలి వేగం, ఊపిరి ఏ ఆటకైనా పనికొస్తాయి. గుండ్రటి బంతితో కుదిరిన గురి అలా కాదు. అందుకే కెర్రీ, డబ్లిన్ లాంటి చోట పుట్టిన ఫార్వర్డ్‌ని ఉండమంటాను. లీష్‌లోనో లీట్రిమ్‌లోనో పుట్టి బాగా పరిగెత్తగల డిఫెండర్ అయితే, కుదిరితే కాలేజీ సీటు వాయిదా వేయించుకుని సంతకం పెట్టెయ్యమంటాను.