రామప్పకు వెళ్లేవారు రాత్రి ఎక్కడ ఆగాలి?

హైదరాబాద్ నుంచి రామప్ప గుడి ఉన్న ములుగు జిల్లా పాలంపేటకు 200 కిలోమీటర్లకు పైబడిన దూరం. ఒక్క రోజులో వెళ్లి రావచ్చు గానీ, అలా వెళ్లినవారు గుడి చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చి, శిల్పాల మీద నీడలు చచ్చి, చెప్పులు విడిచిన కాళ్లు బండల మీద నిలవవు. అందుకే మేము ముందురోజు సాయంత్రమే హనుమకొండ చేరి అక్కడ బస చేశాము. గది శుభ్రమే, తెల్లవారుజామున ఇస్తామన్న వేడినీళ్లు మాత్రం ఎంత అడిగినా రాలేదు. రామప్ప చెరువు ఒడ్డున కూడా పర్యాటకులకు బస ఉంది. ప్రశాంతత కోరేవారికి అదే మేలు. పెద్దవాళ్లు వెంట ఉంటే భోజనానికీ, మందులకూ హనుమకొండే నయం, పైగా వేయిస్తంభాల గుడి ఊళ్లోనే ఉంది.

కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ప్రతిష్ఠించిన, రామప్ప గుడిగా అందరూ పిలిచే ఈ రుద్రేశ్వరాలయం ఆరడుగుల ఎత్తున్న నక్షత్రాకారపు పీఠం మీద నిలిచింది. గోడలది ఎర్ర ఇసుకరాయి. చూరు కింద ఒరిగి నిలబడిన పన్నెండుగురు మదనికలది, అంటే స్త్రీమూర్తుల శిల్పాలది, నల్లరాయి. ఒకామె చీరను కోతి లాగుతుంటే, మరొకామె కాళ్లకు ఎత్తు మడమల పాదరక్షలున్నాయి. ఏటవాలు వెలుతురులో ఆ నల్లని నునుపు మీద నగల గొలుసుల్లోని పూసలు సైతం విడివిడిగా కనిపిస్తాయి.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం మండపంలోని నేల. అక్కడక్కడ కుంగి ఎగుడుదిగుడైంది, పైన కొన్ని దూలాలు పగిలాయి, అయినా కప్పు కూలలేదు. పునాది గుంతను ఇసుకతో నింపి కట్టడం వల్ల భూమి కదలికల తాకిడి చాలావరకు ఆ ఇసుకలోనే ఇంకిపోతుందని ఇంజనీర్లు వివరిస్తారు. శిఖరానికి వాడిన ఇటుకలు నీటిలో తేలేంత తేలికైనవి కనుక పైబరువూ తగ్గింది. ఈ సంగతులు తెలియకుండా చూస్తే సగం గుడి చూసినట్టే. గైడుకిచ్చే డబ్బు దగ్గర లోభించవద్దు.

2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక సెలవు రోజుల్లో రద్దీ బాగా పెరిగింది, వారం మధ్యలో వెళ్లడం మంచిది. సొంత వాహనం లేనివారు హనుమకొండ నుంచి ములుగు దాకా బస్సులో వెళ్లి, అక్కడి నుంచి ఆటో తీసుకోవచ్చు. రానూపోనూ కలిపి, గుడి దగ్గర ఆగే సమయంతో సహా, ఎక్కే ముందే బేరం మాట్లాడుకోవాలి.