సొంతంగా చేసుకున్న సైలెన్సర్ పైపు: నాలుగేళ్ళ తర్వాత

నా పెట్రోలు కారుకి క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువుల్ని తగ్గించే డబ్బా) వెనక నుంచి చివర ఉండే సైలెన్సర్ డబ్బా దాకా పైపంతా నేనే కోసి, అతికి, బిగించి నాలుగేళ్ళు దాటింది. కన్వర్టర్ జోలికి మాత్రం పోలేదు, మీరూ పోకండి.

చేసేటప్పుడు నా టెన్షనంతా వెల్డింగ్ మీదే. తీరా చూస్తే ఇన్నేళ్ళలో పైపుకీ పైపుకీ మధ్య ఒక్క అతుకూ విడలేదు. ఇబ్బంది పెట్టినవన్నీ నేను అసలు పట్టించుకోనివే.

వాడింది 304 గ్రేడ్ స్టెయిన్‌లెస్, ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం. వంపులు రెడీమేడ్‌గా కొన్నాను. ఇసుక నింపి వంచుదామని ఒక ముక్క మీద ప్రయత్నిస్తే లోపలి వైపు నొక్కుకుపోయింది, ఆ సరదా అక్కడితో తీరింది. కోతకి గ్రైండరూ పల్చటి డిస్కూ చాలు, కానీ పైపు చుట్టూ కాగితం పట్టీ చుట్టి అంచు వెంట గీత గీసుకుని కొయ్యాలి, లేకపోతే కోత వంకర పోయి సందు మిగులుతుంది, ఆ సందుని వెల్డింగ్‌తో పూడ్చబోతే పైపుకి చిల్లు పడుతుంది. టిగ్‌తో (అతుకుకి గాలి తగలకుండా ఆర్గాన్ వాయువు వదులుతూ చేసే వెల్డింగ్) అతికేటప్పుడు పైపు లోపలికి కూడా ఆర్గాన్ పంపాలని ఎంతమంది చెప్పినా వినలేదు. మొదటి అతుకు బయట బంగారు రంగులో మెరిసింది, లోపల వేలు పెట్టి చూస్తే మాడిన పాకంలా నల్లగా, గరగరలాడుతూ పెచ్చులు. కోసి మళ్ళీ చేశాను.

అసలు దెబ్బ ఎనిమిదో నెలలో. పొద్దున్నే స్టార్ట్ చేయగానే టిక్ టిక్ మని చప్పుడు, బండి వేడెక్కాక మాయం. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించి, వెనక గొట్టానికి తడి గుడ్డ కాసేపు అడ్డం పెట్టించి, పైపు పొడవునా సబ్బు నీళ్ళు కొడితే పైపుని బాడీకి పట్టి ఉంచే మధ్య బ్రాకెట్ పక్కన బుడగలు వచ్చాయి. అక్కడ గోరంత పొడవున నెలవంకలా పగులు. తప్పు నాదే. పైపుని వేలాడదీసే రబ్బరు ఆ చోటికి సరిపోయేది దొరక్క "తాత్కాలికంగా" బోల్టు వేసి బాడీకి బిగించేశాను. మీటరు పొడవున్న 304 పైపు 400 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 7 మిల్లీమీటర్లు సాగుతుంది, మామూలు ఎంఎస్ (మైల్డ్ స్టీల్) పైపైతే 5 చుట్టుపక్కల. సాగేదాన్ని కట్టేస్తే ఎక్కడో ఒకచోట చీలాల్సిందే. పగిలిన చోట వెడల్పాటి అతుకు ముక్క వేసి దాని మీద బ్రాకెట్ పెట్టాను, రబ్బరు తగిలించాను, ముందు వైపు అటూ ఇటూ వంగే ఫ్లెక్స్ పైపు ముక్క ఒకటి కలిపాను. మళ్ళీ ఇప్పటిదాకా పగుల్లేదు.

ఫ్లాంజ్ (రెండు పైపుల్ని బోల్టులతో కలిపే పలక) కథ ఇంకొకటి. 10 మిల్లీమీటర్ల పలక కదా, వెల్డింగ్ వేడికి ఏం వంగుతుందిలే అనుకున్నా. వంగింది. పలకల మధ్య లీకు ఆపే గ్యాస్కెట్లు రెండు తగలేశాక, అద్దం మీద ఎమరీ కాగితం పరిచి సాయంత్రమంతా రుద్దాను. రెండోది చేసినప్పుడు మందపాటి ఇనప దిమ్మకి బోల్టులతో బిగించి, వెల్డింగ్ అయ్యాక పూర్తిగా చల్లారేదాకా విప్పలేదు.

వెనక డబ్బా కూడా సొంత తయారీయే, లోపల చిల్లుల గొట్టం, చుట్టూ గ్లాస్ ఊల్. రెండేళ్ళకి ఊలంతా చిల్లుల్లోంచి పొడిపొడిగా ఎగిరిపోయి బండి అరవడం మొదలెట్టింది. ఈసారి గొట్టానికి ముందు స్టీల్ ఊల్ చుట్టి, దానిపైన గ్లాస్ ఊల్ పెట్టాను. డబ్బా అడుగున 3 మిల్లీమీటర్ల రంధ్రం మర్చిపోవద్దు. లీటరు పెట్రోలు కాలితే సుమారు లీటరు నీళ్ళు పుడతాయి, దగ్గర దగ్గర తిరిగే బండిలో అవి ఆవిరయ్యే వీలులేక డబ్బాలోనే నిలబడతాయి.

జింకు పూత పైపు చవగ్గా వస్తుందని వెల్డింగ్‌కి తేవద్దు, ఆ పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం ఖాయం. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన చోట అసలు వెల్డింగ్ చేయొద్దు, వచ్చేది విషవాయువు. బండి మీదే టాక్ (ముక్క కదలకుండా వేసే చిన్న వెల్డింగ్ చుక్క) వెయ్యాల్సి వస్తే బ్యాటరీ వైరు ముందు పీకెయ్యండి.

2300 ఆర్‌పీఎం దగ్గర కారు లోపల గుయ్యిమనే మోత మాత్రం ఇంకా పోలేదు. ఇంట్లోవాళ్ళు ఎక్కినప్పుడు గేర్ మార్చేసి ఆ అంకె దాటేస్తుంటాను.